బార్ పడినప్పుడు నేనెక్కడున్నాను? (తూనీగతో ఎజిలిటీ: నా అనుభవం)

మా కుక్క తూనీగ ట్రైనింగ్ కోసం నేను పెట్టుకున్న నోట్‌బుక్‌లో ప్రతి పేజీకి కుడిపక్కన ఒక గడి గీసి ఉంటుంది. జంప్ మీది బార్ (కుక్క తగలకుండా దూకాల్సిన అడ్డకర్ర) పడినప్పుడల్లా ఆ గడిలో ఒక్క ముక్క రాస్తాను: అప్పుడు నేనెక్కడున్నాను, నా పాదాలు ఎటు చూస్తున్నాయి. కుక్క ఏం తప్పు చేసిందో రాయను. ఈ అలవాటు మొదటి నుంచీ లేదు. చాలా నెలల పాటు బార్ పడిన చప్పుడు వినగానే కుక్క వైపే చూశాను. ఆ నెలల్లో పోగొట్టుకున్నదేమిటో, తర్వాత దాన్ని ఎలా తిరిగి తెచ్చుకున్నామో రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. లేత వయసు కుక్కతో ఎజిలిటీ మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఇది ఉపయోగపడాలని నా ఆశ.

తూనీగ మిశ్రమ జాతి కుక్క. ఇప్పుడు భుజం దగ్గర ఎత్తు 41 సెంటీమీటర్లు, బరువు 13 కిలోలు. తొమ్మిది వారాల పిల్లగా మా దగ్గరికి వచ్చింది. దారికి చెప్పు అడ్డం వచ్చినా, దిండు అడ్డం వచ్చినా పక్కనుంచి వెళ్లేది కాదు, మీంచి ఎగిరేది. ఆ పేరు అలా వచ్చింది. ఎజిలిటీ అంటే జంప్‌లు, టన్నెళ్లు, వీవ్ పోల్స్ (మధ్యలోంచి అటూ ఇటూ దూరి వెళ్లాల్సిన కర్రల వరుస), సీ-సా (తూగుడు బల్ల) లాంటి అడ్డంకులను నంబర్ల వరుసలో కుక్క ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లాలి. మెడకు తాడు ఉండదు. మనం పక్కన పరుగెడుతూ దారి చూపించాలి, చేత్తో ముట్టుకోకూడదు. పోటీలో వరుస ఎలా ఉందో చూసుకోవడానికి మనిషిని ముందుగా కొన్ని నిమిషాలు కోర్సులో నడవనిస్తారు. కుక్కకు ఆ అవకాశం లేదు. దారి మొత్తం నా తలలో ఉంటుంది. అది కుక్కకు చేరాలంటే నా ఒంటి కదలికల్లోంచే చేరాలి. ఇంత చిన్న విషయం నాకు ఒంటబట్టడానికి ఏడాదికి పైగా పట్టింది.

పిల్లగా ఉన్న రోజుల గురించి ఎక్కువ చెప్పను. అవి సంతోషంగా గడిచాయి. పేరు పిలిస్తే రావడం, బొమ్మ పట్టుకుని లాగడం, ఇస్తే తీసుకుని అడిగితే వదలడం, ఇవే మా పాఠాలు. బోర్లించిన గట్టి టబ్బు మీద ముందుకాళ్లు పెట్టించి, వెనకకాళ్లతో దాని చుట్టూ తిరగడం నేర్పాను. కుక్కలకు తమకు వెనకకాళ్లు కూడా ఉన్నాయన్న ధ్యాస తక్కువ. ముందుకాళ్లు ఎటు పోతే వెనకవి అటు వస్తాయి, అంతే. దూకేటప్పుడు తోసేదీ, ఆఖర్న బార్‌ను దాటాల్సిందీ ఆ వెనకకాళ్లే కాబట్టి వాటిమీద ధ్యాస కలిగించిన ప్రతి ఆటా తర్వాత అక్కరకొచ్చింది. నేల మీద పరిచిన నిచ్చెన మెట్ల మధ్య మెల్లగా నడిపించడం కూడా అలాంటిదే.

ఎనిమిదో నెలలో తొందరపడ్డాను. అప్పటికి వీడియోలు చాలా చూసి ఉన్నాను, ఎప్పుడెప్పుడు దూకిద్దామా అని ఉంది. ఒక ట్రైనింగ్ చోట చేర్పించాను. మొదటి వారంలోనే అక్కడ బార్‌ను 40 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టారు. తూనీగ దూకింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. రెండో వారం నుంచి బార్‌లు పడడం మొదలైంది. పడిన ప్రతిసారీ అక్కడి శిక్షకుడు గట్టిగా "నో!" అనమన్నారు, నేనూ అన్నాను. మూడో వారానికి తూనీగ జంప్ దగ్గరికి వచ్చి నేల వాసన చూడడం మొదలుపెట్టింది. నాలుగో వారం జంప్ పక్కనుంచి పరుగెత్తి వెళ్లిపోయేది. దానికి ఏకాగ్రత లేదన్నారు. నేనూ నమ్మాను. నేల వాసన చూడడం, ఉన్నట్టుండి ఒళ్లు గోక్కోవడం, మొహం పక్కకు తిప్పుకోవడం కుక్క టెన్షన్‌లో ఉన్నప్పుడు చేసే పనులని నాకప్పటికి తెలియదు. చప్పుడు చేసిన బార్, దాని వెనకే నా కోపం గొంతు. రెండూ కలిసి ఆ జంప్ దానికి భయపడే చోటయింది.

రెండు నెలలు అలా గడిచాక టీకా కోసం వెళ్లినప్పుడు మా పశువైద్యురాలు మాటల్లో మాటగా అడిగారు, "ఏం చేయిస్తున్నారమ్మా దీనిచేత?" అని. చెప్పాను. ఆవిడ చాలాసేపు దాని కాళ్లు తడిమి చూసి, ఎదిగే కుక్కల ఎముకల చివర్లలో మెత్తటి మృదులాస్థి పొర ఉంటుందనీ, ఎముక పొడవు పెరిగేది అక్కడేననీ, అది గట్టిపడేదాకా ఎత్తయిన జంప్‌లు వద్దనీ అర్థమయ్యేలా చెప్పారు. మధ్యరకం సైజు కుక్కల్లో అది సుమారు ఏడాది దాటాక మూసుకుంటుంది, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర, కొన్నిట్లో ఇంకా ఆలస్యం. నిలబడి ఉన్నప్పుడే కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీద ఉంటుంది. దూకి దిగేటప్పుడు ఆ ముందుకాళ్ల మీద పడే భారం ఒంటి బరువుకు కొన్ని రెట్లు. పది నెలల పిల్లచేత నేను వారానికి మూడు రోజులు ఆ పని చేయిస్తున్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి దాని పక్కన నేల మీద కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను.

నెల రోజులు ఏ జంపూ లేదు, నడకలూ ఆటలూ తప్ప. తర్వాత మాకు దొరికిన కోచ్ గారు వయసులో పెద్దాయన. చాలా ఏళ్లు కుక్కలతో పనిచేసిన మనిషి. మొదటి రోజు ఆయన తూనీగను కాసేపు చూసి, "ముందు మీరు పరుగెత్తండమ్మా, దీన్ని నేను పట్టుకుంటాను" అన్నారు. నాకు అర్థం కాలేదు. మైదానంలో రెండు కోన్‌లు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది ఆకారంలో పరుగెత్తించారు. మలుపు దగ్గర నా కాళ్లు ఎప్పుడు తిరుగుతున్నాయో, భుజాలు ఎప్పుడు తిరుగుతున్నాయో చూశారు. "మీ చెయ్యి ముందు తిరుగుతోంది, కాళ్లు తర్వాత వస్తున్నాయి. కుక్క చూసేది కాళ్లనీ, ఛాతీనీ. చెయ్యి చివరి సంగతి" అన్నారు.

ఆ మాట నిజమో కాదో ఆయన తూనీగతోనే నాకు చూపించారు. మొదట నా రెండు చేతులూ జేబుల్లో పెట్టించి, నోరు మెదపకుండా పరుగెత్తమన్నారు. తూనీగ నా పక్కనే చక్కగా తిరిగింది, ఆగితే ఆగింది, వేగం పెంచితే ముందుకు దూసుకుపోయింది. తర్వాత నన్ను కదలకుండా నిలబెట్టి నోటితోనే చెప్పమన్నారు. అది నా ఎదురుగా నిలబడి తల ఒక పక్కకు వంచి చూసింది. కుక్క ముందు కదలికను చదువుతుంది, మాట తర్వాతే. నేను ఎక్కడున్నాను, ఎంత వేగంగా వెళ్తున్నాను, నా పాదాలూ భుజాలూ ఎటు తిరిగి ఉన్నాయి, ఎటు చూస్తున్నాను, ఇవన్నీ ఒకే మాట చెబితే దానికి అనుమానమే ఉండదు. కాళ్లు ఒకటి చెప్పి నోరు ఇంకొకటి చెబితే అది కాళ్లనే నమ్ముతుంది. నమ్మినందుకు నేను దాన్ని తప్పుపట్టేదాన్ని.

తర్వాతి రెండు నెలలు బార్ నేల మీదే. అటూ ఇటూ నిలువు స్తంభాలు మాత్రం ఉంచాం, వాటినే వింగ్ అంటారు. ఒక్క వింగ్ చుట్టూ తిరిగి రావడం నేర్పడంతో మొదలుపెట్టాం. నేను వింగ్ పక్కన నిలబడి, అది చుట్టూ తిరిగి నా చేతిలోని బొమ్మ దగ్గరికి వచ్చేలా. కుడి నుంచి ఎంత సాఫీగా తిరిగేదో ఎడమ నుంచి అంత తిరిగేది కాదు. మనుషుల్లాగే కుక్కలకూ వాటమైన పక్క ఒకటి ఉంటుంది. ఎడమవైపు రెట్టింపు సార్లు చేయించాను, ప్రతిసారీ ఇంకాస్త మంచి తిండి పెట్టాను. ఆరు వారాలకు తేడా తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. ఇప్పటికీ అలసిపోతే ఎడమ మలుపు కొంచెం వెడల్పవుతుంది.

ఇక్కడే గుర్రాల సంగతి వచ్చింది. అసలు ఈ ఆట పుట్టిందే గుర్రాల షో జంపింగ్‌ను చూసి. 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ డాగ్ షోలో కార్యక్రమాల మధ్య ఖాళీలో ప్రేక్షకులకు ఏదైనా చూపించాలని కమిటీ సభ్యుడు జాన్ వార్లీ అనుకున్నాడు. కుక్కలకు శిక్షణ ఇచ్చే పీటర్ మీన్‌వెల్ సాయంతో కుక్కల చేత జంపింగ్ ప్రదర్శన పెట్టించాడు. 1980కల్లా బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ దీన్ని క్రీడగా గుర్తించింది. గుర్రాలకు దూకడం నేర్పేవాళ్లు దౌడులో ఏ కాలు ముందుకు పడుతోందని చూస్తారు, దాన్ని లీడ్ అంటారు. కుక్కకూ అంతే. ఎడమకు తిరగాలంటే ఎడమకాలు ముందు పడేలా దిగాలి, అప్పుడే ఒళ్లు ఆ మలుపులోకి వాలుతుంది. ఆ నిర్ణయం గాల్లో తీసుకోవడం ఆలస్యం. నేల వదిలే ముందే కుక్కకు తెలియాలి, జంప్ తర్వాత ఎటు అన్నది. తెలియక తిన్నగా దూకి, గాల్లో ఉండగా నా గొంతు విని తల తిప్పితే ఒళ్లు మెలి తిరుగుతుంది, వెనకకాళ్లు కిందికి జారతాయి, బార్ పడుతుంది.

ఇది విన్న రోజు నాకు పాత బార్‌లన్నీ గుర్తొచ్చాయి. ఆ నో-లన్నీ కూడా.

మా అబ్బాయి ఫోన్‌లో స్లో మోషన్‌లో తీయడం మొదలుపెట్టాడు. తూనీగ రెండు జంప్‌ల మధ్య 6 మీటర్లను సుమారు 1.3 సెకన్లలో దాటుతోంది, అంటే సెకనుకు నాలుగున్నర మీటర్లకు పైనే. నేను అర సెకను ఆలస్యమైతే అది రెండు మీటర్లకు పైగా ముందుకెళ్లిపోయి ఉంటుంది. వాడు వీడియో ఆపి, "అమ్మా, ఇదిగో చూడు. నువ్వు 'తిరుగు' అనడానికి నోరు తెరిచేసరికి దాని నాలుగు కాళ్లూ గాల్లో ఉన్నాయి" అన్నాడు. కళ్లారా చూశాక ఇంక వాదించడానికేముంది? నేను సమయానికే చెబుతున్నానని ప్రమాణం చేసి చెప్పేదాన్ని అంతకు ముందు. మనకు చెప్పినట్టే అనిపిస్తుంది. ఈ ఆటలో ఉన్న ఎవరినైనా నేను వేడుకునేది ఒక్కటే, వీడియో తీయించుకోండి.

పద్నాలుగో నెలలో ఎక్స్‌రే తీయించాం. ఎముకల చివర్లు మూసుకున్నాయని డాక్టర్ గారు చెప్పాక బార్‌ను నేల నుంచి లేపాం. ముందు 10 సెంటీమీటర్లు, కొన్ని వారాలకు 20. ఎత్తు పెంచడం కంటే దూరాలు మార్చడం మీదే ఎక్కువ కాలం గడిపాం. అయిదు చిన్న జంప్‌లు ఒకే వరుసలో పెట్టి, వాటి మధ్య మీటరున్నర చొప్పున వదిలేవాళ్లం. ఆ దూరంలో కుక్క దిగీ దిగగానే మధ్యలో అదనంగా అడుగు వేయకుండా మళ్లీ లేవాలి. దిగిన చోటు ముందుకు పడుతోందా, వెనక్కి పడుతోందా చూసి కొన్ని సెంటీమీటర్లు జరిపేవాళ్లం. ఆ వరుస చివర బొమ్మ నేల మీద పెట్టి ఉంటుంది. నేను పరుగెత్తను, మాట్లాడను. పరుగెత్తే మనిషి లేనప్పుడు కుక్క తన పనిని తానే ఆలోచించుకుంటుంది. తల కిందికి దించి, వీపును గుండ్రంగా వంచి, వెనకకాళ్లను పొట్ట కిందికి తెచ్చుకుని లేవడం తూనీగ ఆ వరుసలోనే నేర్చుకుంది. అంతకు ముందు తల పైకెత్తి, వీపు చదునుగా ఉంచి, అవసరానికి మించి ముందునుంచే ఎగిరేది. ఆ మార్పు వచ్చిన ఉదయం కోచ్ గారు ఏమీ అనలేదు, వంగి దాని చెవుల వెనక నిమిరారు.

తర్వాత ఆ వరుసను రెండు జంప్‌లకు కుదించాం. మొదటిది చిన్నది, కదలకుండా ఒకేచోట. రెండోది మాత్రం ప్రతిసారీ కొంచెం దూరం జరుగుతుంది లేదా కొంచెం ఎత్తు పెరుగుతుంది. రెండూ ఒకేసారి మార్చం. దూరాన్ని కంటితో కొలిచి అడుగు సర్దుకోవడం కుక్క నేర్చుకునేది ఇక్కడే. ఒక పూట ఆరుసార్లకు మించి చేయించేవాళ్లం కాదు. బాగా వచ్చినప్పుడు ఇంకొక్కసారి అనిపిస్తుంది. ఆ ఇంకొక్కసారే పాడుచేస్తుంది. నేను చాలాసార్లు పాడుచేశాను.

బహుమతి ఎక్కడ ఇస్తామన్నది కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది. మొదట్లో దూకగానే "భేష్" అని నా కాళ్ల దగ్గరికి పిలిచి తినిపించేదాన్ని. దాంతో తూనీగ జంప్ మీద ఉండగానే నా చేతి కోసం తల తిప్పి చూసేది. తిన్నగా వెళ్లాల్సిన చోట కూడా బార్‌లు పడింది అందుకే. ముందుకు వెళ్లమన్నప్పుడు బొమ్మ దాని ముందు, దారి మీద పడాలి. అది కూడా కుక్క ఇంకా నేల మీద ఉండగానే విసరాలి, దిగేసరికి కంటికి కనబడేలా. వింగ్ చుట్టూ బిగువుగా తిరగమన్నప్పుడు బొమ్మ వింగ్ పక్కనే నా చేతిలో ఉండాలి. ఎక్కడ తినబెడితే కుక్క మనసు అక్కడికే పోతుంది. ఈ ఒక్క మార్పుతో రెండు వారాల్లో నోట్‌బుక్‌లోని ఆ గడి దాదాపు ఖాళీగా కనబడింది.

మాటల విషయంలోనూ ఒక పొరపాటు సరిదిద్దుకోవాల్సి వచ్చింది. ముందుకు వెళ్లడానికి "పద" అనేదాన్ని, బొమ్మ పట్టుకోవడానికి "పట్టు" అనేదాన్ని. పరుగులో ఆయాసపడుతూ అరిస్తే రెండూ ఒకలాగే వినబడతాయి. "పద" అనగానే కొన్నిసార్లు తూనీగ గిర్రున వెనక్కి తిరిగి బొమ్మ కోసం నా మీదికి వచ్చేది. దాన్ని మొండితనం అనుకున్నాను. మా అబ్బాయి వీడియోలో కళ్లు మూసుకుని వింటే నాకే తేడా తెలియలేదు. అప్పటినుంచి బొమ్మకు "లాగు". ముందుకు "పద", చుట్టు తిరగడానికి "తిరుగు", స్టార్ట్ దగ్గర "ఉండు", అక్కడి నుంచి బయల్దేరడానికి "సరే". ఇంతే. "తిరుగు" ను సాగదీసి మెల్లగా, "పద"ను చిన్నగా గట్టిగా అంటాను. మాట కంటే దాని ఊపే కుక్కకు ముందు అందుతుందని నా నమ్మకం.

హ్యాండ్లింగ్‌లో, అంటే పరుగెడుతూ కుక్కకు దారి చూపించడంలో, నాకు అన్నిటికంటే కష్టమైంది వేగం తగ్గించడం. బిగువైన మలుపు కావాలంటే కుక్క జంప్‌కు ముందే అడుగు కుదించుకోవాలి, అందుకోసం నేను వేగం తగ్గించి చూపించాలి. ఎప్పుడు? అది అంతకు ముందటి జంప్ దాటి దిగుతున్నప్పుడే. వినడానికి చిన్న మాట. కానీ వెనక కుక్క దూసుకొస్తుంటే మన ఒంట్లో ప్రతి నరం ఇంకా వేగంగా పరుగెత్తమంటుంది. ఒక్క జంప్ పెట్టుకుని వారాల తరబడి ఇదే చేశాం. ఒకసారి వింగ్ దాటి పూర్తి వేగంతో పోతాను, అది సాగి దూకి నా ముందుకు పోతుంది. ఇంకోసారి మూడడుగుల ముందే నెమ్మదిస్తాను, అది ఒక చిన్న అడుగు అదనంగా వేసి, వింగ్‌ను రాసుకుంటూ తిరిగి వస్తుంది. రెండిటికీ తేడా నా కాళ్లలోనే ఉంది. తూనీగ దాన్ని మూడో రోజుకే పట్టేసింది. నాకు మూడు నెలలు పట్టింది.

ఫ్రంట్ క్రాస్ అంటే కుక్కకు ముందుండి, దాని వైపు మొహం తిప్పుతూ పక్క మారడం. అప్పటిదాకా నా ఎడమన ఉన్న కుక్క కుడికి వస్తుంది. అది దూకడం ఖాయమయ్యాక మొదలుపెట్టి, దిగేలోపు ముగించేయాలి. నేను అది దిగాక మొదలుపెట్టేదాన్ని. అలాంటప్పుడు దాని దారిలో నేనే అడ్డం. ఒకసారి ఢీకొని ఇద్దరం పడ్డాం. అది లేచి దూరంగా వెళ్లి నిలబడింది. దాని దగ్గరికి వెళ్లి చాలాసేపు సముదాయించాల్సి వచ్చింది. రియర్ క్రాస్ దానికి పూర్తిగా ఎదురు. కుక్క ముందుంటుంది, మనం దాని వెనకనుంచి దాటి పక్క మారతాం. దీన్ని జంప్ దగ్గర నేర్పితే ముందు గిర్రున తప్పువైపు తిరుగుతుంది. అందుకని ముందు ఖాళీ నేల మీద, తర్వాత నేల మీద పెట్టిన బార్‌తో, ఆ తర్వాతే ఎత్తులో. బ్లైండ్ క్రాస్‌లో కుక్కకు వీపు చూపించి పక్క మారాలి. వేగమైన కుక్కలున్నవాళ్లకు అది వరం. నాకు మాత్రం కుక్క కళ్ల ముందు లేని ఆ అర క్షణం గుండె ఆగినట్టుంటుంది, కాబట్టి అవసరమైన చోటే వాడతాను.

స్టార్ట్ లైన్ దగ్గర కదలకుండా ఉండడం మధ్యలో పాడైంది. ఏడాది వయసులో తూనీగకు ప్రపంచమంతా కొత్తగా కనబడుతున్న రోజుల్లో, నేను ముందుకెళ్లి నిలబడేలోపే లేచి వచ్చేసేది. వీడియో చూస్తే సంగతి తెలిసింది. నేను "సరే" అనడమూ, చెయ్యి లేపడమూ ఒకేసారి చేస్తున్నాను. అది చెయ్యిని చూసే లేస్తోంది, మాట దానికి లెక్కే లేదు. తర్వాత నెల రోజులు ముందు కదలకుండా నిలబడి "సరే" అని, దాని తర్వాత కదిలేదాన్ని. మధ్యమధ్యలో చెయ్యి ఊరికే లేపి, అది కదలకపోతే వెనక్కి నడిచి వెళ్లి దాని దగ్గరే తినిపించేదాన్ని.

పదహారో నెలలో మళ్లీ బార్‌లు పడ్డాయి. 30 సెంటీమీటర్లలో బాగా చేస్తున్న కుక్క వరుసగా మూడు రోజులు బార్‌లు పడేసింది. జంప్‌కు ముందు అనవసరంగా చిన్న అడుగులు కలుపుకుంటోంది. ఈసారి నేను ముందు నన్నే చూసుకున్నాను, వీడియోలో నా సమయం బాగానే ఉంది. అలాంటప్పుడు ఆగడం తెలిసి ఉండాలి. డాక్టర్ గారు చూసి తొడ లోపలి కండరం బెణికిందన్నారు. మూడు వారాలు విశ్రాంతి, తర్వాత తాడుతో నడకలు, మెల్లగా వ్యాయామాలు. పాత రోజులైతే ఆ మూడు రోజులూ "నో" అనేదాన్ని కదా అని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పనిలో ఉన్నట్టుండి తేడా వస్తే ముందు నొప్పి ఉందేమో చూడాలి. అప్పటినుంచి దూకించే ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా నడక, మెల్లటి పరుగు, రెండువైపులా చిన్న గుండ్రాలు తప్పనిసరి. గోళ్లు పొడవు పెరగనివ్వను, తడి గడ్డి మీద దూకించను, రోజుకు 25 జంప్‌లు దాటనివ్వను. వారంలో మూడు రోజులే జంపింగ్.

పద్దెనిమిదో నెలకు 35 సెంటీమీటర్లకు వచ్చాం. కుక్కల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ నిబంధనల్లో 35 నుంచి 43 సెంటీమీటర్లలోపు ఎత్తున్న కుక్కలు మీడియం తరగతిలోకి వస్తాయి, వాటికి బార్ 35 నుంచి 40 దాకా ఉంటుంది. పోటీలో దిగడానికి కనీస వయసు కూడా 18 నెలలే. మేం అప్పుడే పోటీకి పోలేదు. ఇరవయ్యో నెలలో ఒక అభ్యాస పోటీకి వెళ్లాం, జంప్‌లూ టన్నెళ్లూ మాత్రమే ఉన్న కోర్సు, మొత్తం 16 అడ్డంకులు. బార్ పడితే 5 ఫాల్ట్‌లు (తప్పు పాయింట్లు), జంప్ ముందు ఆగినా పక్కనుంచి పోయినా 5.

కోర్సు నడిచి చూసుకునేటప్పుడు నేను జంప్‌లను లెక్కపెట్టలేదు. ఎక్కడ నెమ్మదించాలో, ఎక్కడ నా పాదాలు తిరిగి ఉండాలో అడుగు అడుగుకూ గుర్తు పెట్టుకున్నాను. తూనీగను స్టార్ట్ దగ్గర కూర్చోబెట్టి "ఉండు" అని మూడో జంప్ దాకా నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే చెవులు నిలబెట్టి నన్నే చూస్తోంది. నిలబడ్డాను, ఊపిరి తీసుకున్నాను. "సరే."

మొదటి పది అడ్డంకులు ఎలా దాటామో నాకు సరిగా గుర్తులేదు. గుర్తున్నదల్లా ఏడో జంప్ దగ్గర మలుపు. నేను నెమ్మదించాను, అది అడుగు కుదించుకుంది, వింగ్‌ను తోకతో రాసుకుంటూ తిరిగింది, ఒక్క చప్పుడు లేదు. పదకొండోది టన్నెల్ తర్వాత వచ్చే జంప్. అక్కడ బార్ పడింది. తూనీగ ఆగలేదు, వాసన చూడలేదు, నా మొహం వైపు భయంగా చూడలేదు. నేను చూపించిన పన్నెండో జంప్ వైపు దూసుకుపోయింది. చివరి జంప్ దాటి బొమ్మను అందుకుని నన్ను మైదానం బయటిదాకా లాక్కుపోయింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఆ రాత్రి మా అబ్బాయి వీడియో పెట్టాడు. పదకొండు దగ్గర ఆపి నా వైపు చూశాడు. నేనే చెప్పాను, "టన్నెల్‌లోంచి అది బయటికి రాకముందే నేను కుడికి తిరిగి ఉండాలి. అది వచ్చాక తిరిగాను." వాడు తలూపాడు. నోట్‌బుక్ తీసి గడిలో రాశాను: టన్నెల్ చివర, పాదాలు ఎడమకు, ఆలస్యం.

మర్నాడు విశ్రాంతి ఇచ్చాను. ఆ తర్వాతి ఉదయం ఒక టన్నెల్, ఒక జంప్ పెట్టి, బార్‌ను 20 సెంటీమీటర్లకు దించాను. తూనీగను పక్కన పడుకోబెట్టి, ముందు నేను ఒక్కదాన్నే అయిదుసార్లు పరుగెత్తాను. ఆరోసారికి దాన్ని పిలిచాను.